మీ వెంట ఎవరూ రాలేదా?

"మీ వెంట ఎవరూ రాలేదా మేడం?" అని అడిగాడా కుర్రాడు.

మేం ముగ్గురం నిలబడి ఉన్నాం. ముగ్గురికీ నలభై దాటాయి. ముగ్గురికీ కళ్ళజోళ్ళున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి, మీసాలొస్తున్న కొడుకులున్నారు. ఇంత సరంజామాతో మూడు నిండు విగ్రహాలు ఎదురుగా నిలబడి ఉంటే ఎవరూ రాలేదా అంటాడేమిటి, పాపం ఇతనికి చూపు మందం కాబోలని ఒక్క క్షణం జాలిపడ్డాను కూడా. తరవాత వెలిగింది. "ఎవరూ" అంటే మగవాళ్ళన్నమాట.

"ఎవరూ రారు బాబూ, మేమే" అన్నాను.

"అంటే... ఫ్యామిలీ అయితే పైన కూర్చోవాలి మేడం. కింద అబ్బాయిలుంటారు" అన్నాడు, మమ్మల్ని ఎందులో కలపాలో తేల్చుకోలేక.

ఈ ఫ్యామిలీ అనే మాటకి మనం పెట్టుకున్న అర్థం తెలిస్తే ఇంగ్లీషువాళ్ళు మూర్ఛపోతారు. "మొన్న ఫ్యామిలీతో సినిమాకి వెళ్ళాను" అంటే భార్యని తీసుకువెళ్ళాడని. "ఫ్యామిలీ ఊళ్ళో లేదు" అంటే భార్య పుట్టింటికి వెళ్ళిందని, ఆయన హోటల్లో తింటున్నాడని. ఆ లెక్కన మేం ముగ్గురం మూడు ఫ్యామిలీలం. తెచ్చినవాళ్ళే లేరు. రైల్వే స్టేషన్లో సొంతదారు లేని సామాను కనిపిస్తే పోలీసులకి చెప్పమని మైకులో అంటూ ఉంటారే, ఆ సామానును చూసినట్టు చూశాడు మమ్మల్ని. అతన్ని నేను తప్పుపట్టను. ఇరవై ఏళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ వయసు ఆడవాళ్ళు తమంతట తాము వచ్చి, కూర్చుని, తిని, డబ్బిచ్చి వెళ్ళడం అతను ఎక్కువగా చూసి ఉండడు. చివరికి పైకే పంపించాడు. పైన మేం తప్ప పిట్ట లేదు. కింద కిటికీ పక్కన, రోడ్డు కనపడేచోట నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నాయి.

ఇది జరిగింది హనుమకొండలో. పాతికేళ్ళ కిందట మేం ముగ్గురం అక్కడే బి.ఏ. చదువుకున్నాం. ఇప్పుడు నేను జనగామలో ఉంటున్నాను. మిగతా ఇద్దరిలో ఒకామె మహబూబాబాదులో, ఒకామె భూపాలపల్లిలో. పేర్లు రాస్తే వాళ్ళ ఇళ్ళలో ఏమవుతుందో ఇకముందు మీకే తెలుస్తుంది. అంచేత ఊళ్ళ పేర్లతోనే పిలుస్తాను. మహబూబాబాదును మా వైపు మానుకోట అంటాం గనక ఆమె మానుకోట, రెండో ఆమె భూపాలపల్లి. ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలకి కేంద్రాలయ్యాయి. కలెక్టర్లు వచ్చారు, ఆఫీసులు వచ్చాయి. కానీ మేం ముగ్గురం కలుసుకోవాలంటే మాత్రం ఇప్పటికీ పాత జిల్లా కేంద్రమే దిక్కు. జనగామకీ మానుకోటకీ రైలుంది. భూపాలపల్లిలో బొగ్గుంది, పక్కనే చెల్పూరులో కరెంటు తయారవుతుంది, రైలు స్టేషను మాత్రం లేదు. ఆమె బస్సెక్కి పరకాల మీదుగా రావలసిందే.

ఈ పాతికేళ్ళలో మేం కలుసుకోలేదా అంటే కలుసుకున్నాం. పెళ్ళిళ్ళలో కలుసుకున్నాం, పదోరోజుల్లో కలుసుకున్నాం, ఒకసారి ఆసుపత్రి వరండాలో కలుసుకున్నాం. ఎక్కడ కలుసుకున్నా ఎవరో ఒకరి చేతిలో వడ్డించే గరిటె ఉండేది. ఊరికే, ఏ పనీ లేకుండా కలుసుకున్నది ఇదే మొదలు. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు కదా. "జీరో టికెట్టుకు గుడికి పోయి వద్దామే" అంది మానుకోట ఫోనులో. అలా బయలుదేరాం.

గుడి అన్న మాట గుర్తుపెట్టుకోండి. దానితో తరవాత పనుంది. నిజంగానే వెళ్ళాం లెండి. భద్రకాళి అమ్మవారిని చూసుకుని, చెరువుగట్టు మీద కాసేపు కూర్చుని, అప్పుడు వెళ్ళాం ఈ ఇటలీ హోటలుకి. మానుకోట కొడుకు ఇంజనీరింగు చదువుతూ స్నేహితులతో పోయి తిని వచ్చాడట. "వాడు నెలకు రెండుసార్లు తింటడు, నేనొక్కసారి తింటే ఏమైతది" అని ఆమె వాదం. ఇంతకన్నా మంచి వాదం నేను ఏ వ్యాసంలోనూ చదవలేదు.

గోడ మీద ఒరిగిన గోపురం బొమ్మ, బల్ల మీద కాగితపు రుమాళ్ళు, ప్లాస్టిక్ పూలు. మెనూ కార్డు ముగ్గురం కళ్ళజోళ్ళు పెట్టుకుని పరీక్ష పేపరులా చదివాం. పాస్తాల్లో అర్రబియాటా అని ఒకటుంది. ఇటలీ భాషలో దాని అర్థం కోపం వచ్చినది అని. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప వేసి చేసిన ఎర్రని సాసుకి ఆ పేరు పెట్టారు. వాళ్ళ భాషలో సాసు స్త్రీలింగం కనక ఇది కోపం వచ్చిన ఆవిడే అయింది. నవలలు రాసుకునేదాన్ని, ఇలాంటి చిల్లర విజ్ఞానానికి నాకు లోటులేదు. చెబితే భూపాలపల్లి నవ్వి, "కారముంటే కోపమేనా? అట్లయితే మానుకోట మార్కెట్టంత కోపమేనా?" అంది. కడుపులో మంట ఉందని ఆ కోపపుదాన్ని వద్దనుకుని, రెండు మార్గెరీటా పిజ్జాలూ, ఒక తెల్ల పాస్తా చెప్పుకున్నాం.

పిజ్జాతోపాటు చిన్న పొట్లాల్లో ఎండుమిరప పలుకులు తెచ్చి ఇచ్చాడు. మానుకోటవాళ్ళకి మిరపతోటలున్నాయి. పొట్లం విప్పి అరచేతిలో పోసుకుని, "మా కల్లంల ఊడ్చి పారేసేదాన్ని పొట్లంగట్టి ఇస్తున్నరు" అని ఒకటే నవ్వు. ఏ మాటకామాటే చెప్పాలి, మిరప విషయంలో మా వైపువాళ్ళ ఎదుట ఇటలీ తల ఎత్తలేదు. మా దగ్గర చపాట అని ఒక రకముంది, ఎర్రగా, లావుగా, టమాటాలాగా ఉంటుంది. దాన్ని టమాటా మిరప అనే పిలుస్తారు. 2025లో దానికి వరంగల్ చపాట పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

సరే, అసలు సంగతికి వస్తాను. భూపాలపల్లి మొదటి ముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే పట్టుకుంది. నచ్చలేదేమో అనుకున్నాను.

"వేడిగున్నదే" అంది.

"వేడిగా ఉండదూ మరి?" అన్నాను.

"అది కాదు. నా పళ్ళెంల వేడిగున్నది ఎవలో తెచ్చిపెట్టింది ఎప్పుడు తిన్ననో యాదికి తెచ్చుకుంటున్న" అంది. మళ్ళీ తనే, "చిన్నోని కాన్పుకు, దవఖానల" అంది.

వాళ్ళ చిన్నోడికి పదిహేడేళ్ళు.

ఆమె భర్త సింగరేణిలో పనిచేస్తాడు. ఈ వారం పొద్దుటి షిఫ్టయితే వచ్చేవారం మధ్యాహ్నం షిఫ్టు, ఆపైన రాత్రి షిఫ్టు. టిఫిను డబ్బా కట్టే వేళ వారం వారం మారుతుంది. పిల్లల బడి వేళ ఒకటి, మామగారి మందుల వేళ ఒకటి. ఆ ఇంట్లో పొయ్యి ఆరే వేళంటూ ఒకటి ఉందో లేదో నాకు తెలియదు. భర్త మంచివాడే. తాగడు, తిట్టడు. అది చాలు అదృష్టమని ఆమెకి అందరూ చెబుతారు.

నేను గనుల చట్టం సంగతులు ఒక నవల కోసం కొంచెం చదివాను. 250 మందికి పైబడి పనిచేసే గని దగ్గర క్యాంటీను పెట్టించవచ్చని 1955 నాటి గనుల నియమాల్లో ఉంది. పనిచేసే మనిషికి, పనిచేసేచోట, ఎవరో ఒకరు వండి పెట్టాలని ప్రభుత్వానికి తోచింది. చాలా మంచి నియమం. ఆ పనిచేసే మనిషికి డబ్బా కట్టే మనిషి కూడా పనే చేస్తోందని మాత్రం ఏ నియమంలోనూ లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వమే దేశమంతా తిరిగి, ఎవరు రోజులో ఎంతసేపు ఏం చేస్తున్నారో లెక్క తీసింది. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97. అది కూడా అసలు ఇంటిపని చేస్తామన్న మగవాళ్ళ లెక్క. చేయనివాళ్ళు అందులో లేనే లేరు. అయిదు గంటలపాటు రోజూ పనిచేసే మనిషి, పదిహేడేళ్ళకొకసారి వేడిగా ఉన్నదొకటి పళ్ళెంలోకి రాగానే ఆశ్చర్యపోయి చేతిలో పట్టుకుని చూస్తోందంటే, ఇహ మనం సంస్కృతి గురించి మాట్లాడుకోవలసింది ఏముంది చెప్పండి?

కానీ మాట్లాడతారు. ఈమధ్యనే జనగామలో ఒక సాహిత్య సభలో ఒక పెద్దాయన, నేను వేదిక మీద ఉండగానే, అదే మాట్లాడారు. ఆడవాళ్ళు వంటింటిని వదిలేసి హోటళ్ళ చుట్టూ తిరుగుతున్నారనీ, ఫ్రీ బస్సు వచ్చినప్పటినుంచీ మరీ కాలు నిలవడంలేదనీ, పిజ్జాలూ బర్గర్లూ మన జాతిని తినేస్తున్నాయనీ, ఈ నేల బమ్మెరలో నాగలి పట్టి భాగవతం రాసిన పోతనగారి నేల అనీ. చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళూ కొట్టారు. నేను కూడా చేతులు కలిపాను, ఎందుకంటే తరవాత శాలువా నాకే కప్పాలి. ఆ పిరికితనానికి ప్రాయశ్చిత్తంగానే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి. పోతనగారు పొలం దున్నారని అందరూ చెబుతారు. పొలం నుంచి వచ్చి ఆయన అన్నం తిన్న కంచం ఎవరు కడిగారో ఎవరూ చెప్పరు.

ఆ సభానంతరం పెద్దలందరూ భోజనానికి వెళ్ళారు. ఎక్కడికనుకుంటున్నారు? హైవే మీద దాబాకి. నన్నూ రమ్మన్నారు, "మీరు వెజ్జే కదమ్మా, పన్నీరు చెప్పిస్తాం" అని. రాత్రయిందని ఇంటికి వచ్చేశాను.

పిజ్జా మైదాతో చేస్తారు, ఒంటికి మంచిది కాదు అంటారా? ఒప్పుకుంటాను. రోజూ తినమని నేను చెప్పడంలేదు. కానీ ఈ మైదా బాధ పరోటా దగ్గర ఎందుకు గుర్తురాదు? మైదా మన ఆడవాళ్ళ కంచంలోకి వచ్చినప్పుడే ఎందుకు విషమవుతుంది? పరాయిదేశపు తిండి అంటారా? పిజ్జా మీద ఉన్న టమాటా ఇటలీది కాదు, మన చారులో ఉన్న మిరప మనది కాదు. రెండూ అయిదువందల ఏళ్ళ కిందటి ఓడల్లో అమెరికా ఖండం నుంచి బయలుదేరినవే. ఒకటి నేపుల్సులో దిగి పిజ్జా ఎక్కింది, రెండోది పోర్చుగీసువాళ్ళతో వచ్చి ఆవకాయలో పడింది. మిరపకాయని పరాయిదని పారేస్తే మానుకోటలో సగం ఇళ్ళు గడవవు.

అసలు పిజ్జా కూడా దర్జాగా పుట్టింది కాదు. ఇంట్లో పొయ్యి పెట్టుకునే వసతి లేని నేపుల్సు కూలి జనం వీధిలో కొనుక్కుని తిన్న రొట్టె అది. మన సర్వపిండి లేదూ? బియ్యప్పిండిలో నువ్వులూ, పల్లీలూ, శనగపప్పూ వేసి, సర్వ అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకొక నూనెచుక్క వేసి కాల్చుకుంటాం. ఉన్నదాన్ని రుచిగా చేసుకోవడంలో పేదవాళ్ళ బుర్ర ఏ దేశంలోనైనా ఒకటే. రెండో ప్రపంచ యుద్ధం తరవాత నేపుల్సులో పొయ్యిలు కూడా కరువైతే ఆడవాళ్ళు గుమ్మం ముందు మూకుడు పెట్టుకుని పిజ్జాలు నూనెలో వేయించి అమ్మారు. ఇవాళ తిని ఎనిమిది రోజులకి డబ్బివ్వచ్చు, అరువు. 1954లో డి సీకా తీసిన సినిమాలో సోఫియా లోరెన్ అలాంటి పిజ్జాలమ్మే ఆవిడగా వేసింది. జనగామ స్టేషను బయట సాయంత్రం మిర్చిబజ్జీ బండి దగ్గర నిలబడే ఆవిడను చూసినప్పుడల్లా నాకు ఆ సినిమా గుర్తుకొస్తుంది. ఆవిడ మూకుట్లోంచి తీసినవి వేడివేడిగా తినేదంతా మగవాళ్ళే. ఆడవాళ్ళు మాత్రం పొట్లం కట్టించుకుని ఇంటికి పట్టుకెళతారు.

పొట్లం! ఆ మాట వచ్చింది గనక చెబుతున్నాను. హనుమకొండలో మా తిండి ముగిసింది. బిల్లు ముగ్గురం సమానంగా పంచుకున్నాం. మనిషికి మూడువందల అరవై. నేనూ మానుకోటా ఫోనులో కొట్టాం. భూపాలపల్లి సంచిలోంచి చిన్న పర్సు తీసి, మూడు వందనోట్లూ, మిగతాది పదినోట్లూ లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. ఆ పదినోట్లు మెత్తబడిపోయి ఉన్నాయి. పోపులడబ్బా వాసన వాటికి ఉందని నేనంటే మీరు నమ్మాలి, మీ ఇంట్లోనూ ఉంటాయి కనక. ఇహ లేద్దాం అనుకునేసరికి మానుకోట ఆ కుర్రాణ్ణి పిలిచి "ఒక పార్శిలు" అంది. భూపాలపల్లి "నాకొకటి" అంది. నేనూ, స్త్రీల సమస్యల మీద నాలుగు నవలలు రాసినదాన్ని, "నాకూ ఒకటి బాబూ" అన్నాను.

ఎందుకన్నాను? మా ఆయనకి పిజ్జా ఇష్టం కూడా కాదు. ఆయన పెరుగన్నం మనిషి. అది పార్శిలు కాదండీ, జరిమానా. నేను తిన్నానన్న నేరానికి ఇంటికి చెల్లించే జరిమానా. మగవాళ్ళు దావత్‌కి పోతారు. ఆ మాట మా తెలంగాణలో ఎంత ఘనమైనదో తెలుసా? బదిలీ అయితే దావత్, బండి కొంటే దావత్, ఎన్నికలో గెలిస్తే దావత్, ఓడితే ఓదార్పు దావత్. ఏ కారణమూ లేకపోతే "శానా దినాలైంది" అని దావత్. అర్ధరాత్రి ఇంటికి వచ్చినప్పుడు ఎవరి చేతిలోనైనా పార్శిలు చూశారా మీరు?

మనకి మాత్రం పేరంటం ఉంది, నోముంది, వ్రతముంది. అన్నీ ఎవరో ఒకరి క్షేమం కోసం. పేరంటానికి పిలవాలంటే మొగుడు బతికి ఉండాలి. అక్కడా ఫ్యామిలీ సెక్షనే చూశారా! మా మేనత్త చదువుకున్నది, పాటలు పాడేది, పది మందిని కడుపుబ్బ నవ్వించేది. మామయ్య పోయాక మరి ఆవిడకి ఏ ఇంట్లోనూ వాయనం లేదు, స్నేహితురాళ్ళ మధ్య కూర్చునే చాప లేదు.

ఆడవాళ్ళు ఆరుబయట కూర్చుని స్నేహితురాళ్ళతో కలిసి తినడమనేది ఇటలీ నుంచి వచ్చిన వింత కాదు. సద్దుల బతుకమ్మనాడు మా చెరువుగట్ల మీదకొచ్చి చూడండి. బతుకమ్మను నీళ్ళలో వదిలి, గట్టు మీద చుట్టూ కూర్చుని, సత్తుపిండీ మలీదా చేతులు మార్చుకుని తింటాం. ఏ కులం ఇంటి ముద్ద ఎవరి నోట్లోకి పోయిందో ఆ చీకట్లో ఎవరూ చూడరు. ఏడాదికి ఒక్క రాత్రి. నాట్లు వేసే ఆడవాళ్ళు అంతకన్నా నయం. మధ్యాహ్నం ఒడ్డెక్కి, సద్దిమూటలు విప్పి, తొక్కు ఇటూ కూర అటూ పంచుకుని, మగవాళ్ళ మీద జోకులేసుకుంటూ రోజూ కలిసే తింటారు. బయట తినడం మర్యాద కాదన్న జబ్బు మనకే పట్టింది, తెల్లబట్టల మధ్యతరగతికి. వంటిల్లు సొంతం కావడంతో స్నేహాలు పోయాయి.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళినప్పుడు అక్కడ గిన్నెలు తోముతున్న ఆవిడను చూశాను. మా వయసే. ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బాలోంచి నిలబడి తింటోంది. నన్ను చూసి మూత పెట్టేసింది. నా వాదమంతా ఆవిడకి ఎలా వినపడుతుందో నాకు తెలియదు. తినమ్మా అని చెప్పి వచ్చేశాను.

బయలుదేరే ముందు మేం చేసిన తప్పు ఒకటుంది. తప్పు అంటే నాదే. మా ముగ్గురి ఫోటో, మధ్యలో పిజ్జాతో సహా, నా వాట్సాపు స్టేటస్‌లో పెట్టాను. "పాతికేళ్ళ తరవాత" అని రాశాను కూడా. భూపాలపల్లి ఇంట్లో చెప్పి వచ్చింది గుడికని. ఆమె ఆడబిడ్డ ఉండేది జనగామలో, మా పక్క వీధిలో. ఆ సంగతి నాకు తెలియక కాదు, తట్టలేదు. బస్సు పరకాల దాటకముందే కబురు ఇల్లు చేరింది. ఆమె పార్శిలు పట్టుకుని గడప ఎక్కేసరికి అత్తగారు మంచం మీదనుంచే అడిగిందట:

"భద్రకాళమ్మ ప్రసాదం డబ్బల పెట్టిస్తున్నరా బిడ్డా ఇప్పుడు?"

రాత్రి పదిన్నరకి ఫోను చేసింది. "నువ్వా ఫోటో తీసెయ్యవే" అంది. గొంతులో ఏడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "మేం గుడికీ వెళ్ళాం కదే, అబద్ధమాడలేదు కదా" అన్నాను. "తీసెయ్యి" అంది. తీసేశాను. అన్నం తిన్నందుకు ఒక పెద్ద మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, దొంగతనం చేసినట్టు ఆనవాళ్ళు చెరిపేసుకోవలసి వచ్చింది. ఆ చెరిపేసిన వేలు నాది.

భర్త ఏమన్నాడని అడిగాను. ఏమీ అనలేదట. టీవీ చూస్తూ పార్శిల్లో మూడు ముక్కలు తిన్నాడట. అత్తగారు మొదట వద్దని, తరవాత ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఏం బాగుందీ అని మొహం చిట్లించి, రెండో ముక్క తీసుకుందట. ఆ ముసలావిడ మీద నాకు కోపం రావడంలేదు. పదకొండు మంది ఉన్న ఇంట్లో నలభై ఏళ్ళపాటు ఆఖరున, అడుగంటిన అన్నం తిన్న మనిషి ఆవిడ. నా కోపమంతా ఏమీ అనని ఆయన మీద. "తింటే తిన్నది, నేను తిననా?" అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? నోట్లో పిజ్జా ఉంది కాబోలు.

మీలో చాలామంది ఈపాటికి అనుకుంటూనే ఉంటారు, "ఇంట్లో చెప్పి వెళ్తే పోయేది కదా, గుడి వంకెందుకు" అని. చెప్పి చూడండి. ఊరికే, ఏ పండగా లేదు, ఎవరి పుట్టినరోజూ కాదు, స్నేహితురాళ్ళతో హోటలుకి వెళ్ళి తిని వస్తాను, మీకు మధ్యాహ్నానికి ఫ్రిజ్జులో పప్పుంది అని ఈ ఆదివారం చెప్పి చూడండి. ఎదుటి మొహం చూడండి. అంతకన్నా ముందు, చెబుతున్నప్పుడు మీ గొంతు మీరే వినండి. నేను చెప్పి చూశాను, రెండు వారాల కిందట. ముగ్గురమూ కాదు, నేనూ ఇంకొకావిడా, జనగామలోనే. మా ఆయన పేపరు దించకుండా "ఏం విశేషం?" అన్నారు. "విశేషమేమీ లేదు, ఆకలి" అన్నాను. తిని, చేతులూపుకుంటూ ఇంటికి వచ్చాను. పార్శిలు లేదు. "ఏం తిన్నావు?" అన్నారు. చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆ పూట ఆయన పప్పు వేడిచేసుకుని తిన్నారు. గిన్నె మాత్రం సింకులోనే వదిలారు.

నిన్న సాయంత్రం భూపాలపల్లి ఫోను చేసింది. ఫోటో గొడవ తరవాత రెండు నెలలు అంటీ అంటనట్టు ఉంది, నేనూ కదిలించలేదు. పిల్లలూ, పరీక్షలూ, అత్తగారి కాళ్ళవాపూ అన్నీ అయ్యాక, "మానుకోట రెండో శనివారం అంటున్నది, నీకు వీలైతదా?" అంది.

"గుడికా?" అన్నాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. వెనకాల కుక్కరు కూత వినిపించింది.

"గుడికి ఇంకోసారి పోదాం" అంది. "ఆ కోపమొచ్చినదని చెప్పినవు చూడు, ఎర్రది. పేరేందే దానిది?"